ఇంజనుకి ఊదుగొట్టం
(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఇవాళ నేను చెప్పబోయేది వంటా కాదు, అల్లికా కాదు. మోటారు సైకిలు ఇంజను గురించి. "అది మగవాళ్ల గొడవ, మనకెందుకూ" అని లేచి వెళ్లిపోకండి. ఇందులో గ్యాసు పొయ్యి వస్తుంది, కుక్కరు వస్తుంది, మిక్సీ కూడా వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా మన పిల్లలు వస్తారు.

ఏలూరు, తాడేపల్లిగూడెం లాంటి వూళ్లలో మధ్యతరగతి ఇంటికి మోటారు సైకిలు కాలూ చెయ్యీ లాంటిది. కాలేజీకి అదే, కూరల బజారుకి అదే, కైకలూరు వైపు చెరువులున్నవాళ్లకి మేత బస్తా వేసుకెళ్లడానికీ అదే. నూరు సీసీ బండి. పెట్రోలు తక్కువ తాగుతుంది, మాట వింటుంది. కాని ఇంట్లో పద్దెనిమిది, ఇరవై ఏళ్ల అబ్బాయి వుంటే ఏదో ఒకరోజు ఆ బండి వాడికి ఆనదు. "అమ్మా, దీనికి టర్బో పెట్టిస్తే పెద్ద బండిలా పరిగెడుతుందిట. మా మెకానిక్కు చేసిపెడతానన్నాడు. కొంచెం డబ్బు సర్దు" అంటాడు. అప్పుడు మనం ఏమంటాం? "నాన్నగార్నడుగు" అంటాం. లేకపోతే "వద్దంటే వద్దు" అంటాం. మొదటిది తప్పించుకోవడం. రెండోదానికి వాడు మనకి చెప్పకుండా చేసుకొస్తాడు. ఆ టర్బో అంటే ఏమిటో మనకే తెలిస్తే, వాడితో కూర్చుని లెక్క వేసి మాట్లాడొచ్చు. ఆ లెక్క చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఇంజను తినేది గాలి

మన గ్యాసు పొయ్యి చూడండి. బర్నరు కింద గొట్టానికి గాలి కంతలుంటాయి. ఆ కంతలు సరిగ్గా వున్నప్పుడు మంట నీలంగా, చురుగ్గా వస్తుంది. దుమ్ము పట్టి కంత మూసుకుపోతే మంట పచ్చగా సాగి, గిన్నె అడుగు మసిబారుతుంది. గ్యాసు అంతే వచ్చింది, గాలి చాలలేదు. ఇంకో నాబ్ తిప్పి గ్యాసు ఎంత పెంచినా మసి పెరుగుతుంది గాని వేడి పెరగదు.

మోటారు సైకిలు ఇంజనుదీ ఇదే ధర్మం. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు పద్నాలుగున్నర గ్రాముల గాలి కావాలి. అందుకని ఇంజను బలం ఎంత అనేది ట్యాంకులో ఎంత పెట్రోలుందన్నదాని మీద ఆధారపడదు. ఒక్కొక్క గుక్కలో ఎంత గాలి పీల్చగలదన్నదే ప్రశ్న.

మన వీధుల్లో ఎక్కువగా కనిపించే హీరో స్ప్లెండరు తీసుకోండి. దాని ఇంజను 97.2 సీసీ. అంటే పిస్టను కిందికి దిగినప్పుడు ఏర్పడే ఖాళీ ఒక చిన్న కాఫీ కప్పంత. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే, రెండు చుట్లకొకసారి చొప్పున 3000 సార్లు గాలి పీలుస్తుంది. సెకనుకి యాభై గుక్కలు! కప్పు ప్రతిసారీ పూర్తిగా నిండదు గనక, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పినప్పుడు నిమిషానికి సుమారు 250 లీటర్ల గాలి లోపలికి పోతుంది. ఇరవై లీటర్ల బకెట్లయితే పన్నెండున్నర. దాని బరువు మూడువందల గ్రాములకి కొంచెం తక్కువ. దానికి సరిపడే పెట్రోలు ఇరవై గ్రాములు, అంటే రెండు పెద్ద చెంచాలు. నిమిషానికి పన్నెండు బకెట్ల గాలి, రెండు చెంచాల పెట్రోలు. ఈ బండి వంట అంతే.

ఇప్పుడు అర్థమైంది కదా, బలం పెంచాలంటే రెండు దారులు. కప్పు పెద్దది చెయ్యాలి, అంటే పెద్ద సీసీ ఇంజను. లేకపోతే అదే కప్పులో గాలిని కూరి కూరి నింపాలి. ఈ రెండోదాన్నే ఇంజనుకి బలవంతంగా గాలి ఎక్కించడం అంటారు.

అమ్మమ్మ ఊదుగొట్టం, ఇంజను టర్బో

కట్టెల పొయ్యి రోజుల్లో మన అమ్మమ్మల చేతిలో ఇనప ఊదుగొట్టం వుండేది. కట్టె అదే, పొయ్యి అదే. గొట్టంతో నాలుగు సార్లు ఊదగానే మంట భగ్గుమనేది. కంసాలి కూడా ఊదుగొట్టంతోనే నిప్పు రాజేసి బంగారం కరిగించేవాడు. కమ్మరి తిత్తి ఊది ఇనుము ఎర్రబరిచేవాడు. బలవంతంగా గాలి ఎక్కించడం మనకి కొత్త విద్య కానేకాదు.

ఇంజనుకి ఈ ఊదుగొట్టం రెండు రకాలుగా పెడతారు. మొదటి రకం సూపర్ ఛార్జరు. ఇంజను తిరిగే బలంలోంచే కొంత బెల్టు ద్వారా గాని పళ్లచక్రాల ద్వారా గాని తీసుకుని ఒక గాలి పంపుని తిప్పుతుంది. ఇల్లాలు తన సత్తువ ఖర్చుపెట్టి పొయ్యి ఊదినట్లు. రెండో రకం టర్బో ఛార్జరు. సైలెన్సరు గొట్టంలోకి వేడివేడిగా పోయే పొగ వుత్తినే పోకుండా దారిలో ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో కొసన వున్న ఇంకో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనులోకి పంపుతుంది. గంజి పారబొయ్యకుండా బట్టలకి పెట్టుకున్నట్లు, పోయేదాంతోనే పని చేయించుకోవడం. ఆ చక్రాలు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతాయి. గాలి ఒత్తిడి మితిమీరితే బయటికి వదలడానికి ఒక తలుపు వుంటుంది. కుక్కరు మీద వెయిటు ఏ పని చేస్తుందో అదీ ఆ పనే చేస్తుంది.

ఇవి నిన్నటివి కావు. టర్బోకి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూకి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. తాడేపల్లిగూడెంలో రెండవ ప్రపంచ యుద్ధకాలపు రన్‌వే వుంది చూడండి. ఆ యుద్ధంలో ఎత్తున ఎగిరిన విమానాల ఇంజన్లకి ఈ గాలి పంపులే ప్రాణం. పైకి పోయినకొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజనుకి ఊపిరాడదు. అందుకని నొక్కిన గాలి అందించేవారు. అంటే ఆ విద్య మన ప్రాంతపు ఆకాశానికి ఎనభై ఏళ్ల కిందటే పరిచయం.

మోటారు సైకిళ్లలో కూడా ప్రయత్నాలు జరిగాయి. 1939లో ఐల్ ఆఫ్ మ్యాన్ పందెంలో సూపర్ ఛార్జరు వున్న బీఎండబ్ల్యూ మీద జార్జ్ మయర్ గెలిచాడు. యుద్ధం తర్వాత పందేల్లో వాటిని నిషేధించారు. 1982లో హోండా కంపెనీ సీఎక్స్ 500 టర్బో అమ్మకానికి తెచ్చింది. మామూలు సీఎక్స్ 500కి సుమారు 50 హార్స్ పవర్ అయితే దీనికి 82. వెంటనే యమహా, సుజుకి, కవాసకి కూడా తెచ్చాయి. కాని నాలుగైదేళ్లు తిరక్కుండానే అందరూ మానుకున్నారు. బరువు పెరిగింది, ధర పెరిగింది, హేండిలు తిప్పిన కాసేపటికి బలం ఒక్కసారిగా వచ్చి నడిపేవాణ్ని కంగారు పెట్టేది. అదే బలం పెద్ద ఇంజనుతో చవకగా, నెమ్మదిగా వచ్చేది. ఆ తరవాత 2015లో కవాసకి సూపర్ ఛార్జరుతో నింజా హెచ్2 తెచ్చింది గాని, అది వెయ్యి సీసీ బండి, లక్షల మాట. చిన్నవాటిలో చెప్పుకోదగ్గది ఫ్రాన్సు వాళ్ల పూజో 125 సీసీ కంప్రెసరు స్కూటరు, సుమారు 20 హార్స్ పవర్‌ది. అయితే దాన్ని కంపెనీ మొదటినుంచీ అందుకోసమే తయారుచేసింది. నీళ్లతో చల్లబడే ఇంజను, పెట్రోలు కొలిచి చిమ్మే ఇంజక్షను పెట్టింది.

లారీకి అచ్చొచ్చింది, బండికి ఎందుకు అచ్చిరాదు?

"మరి లారీలకి టర్బో వుంది కదమ్మా?" అని అబ్బాయి అడుగుతాడు. మంచి ప్రశ్న. ఆకివీడు, కైకలూరు నుంచి ఐసు పెట్టెల్లో చేపలు నింపుకుని హౌరా దాకా పోయే లారీలకి టర్బో వుంది. ఇప్పుడు మూడు సిలిండర్ల ఒక లీటరు పెట్రోలు కార్లక్కూడా వుంది. కాని వాటికీ మన బండికీ తేడాలున్నాయి.

మొదటిది, డీజిలు ఇంజను పీల్చేది గాలి మాత్రమే. నొక్కడం అయిపోయాకే డీజిలు చిమ్ముతుంది. గాలి ఎంత నొక్కినా ముందుగా అంటుకోవడానికి లోపల ఏమీ లేదు. పెట్రోలు బండిలో పెట్రోలూ గాలీ కలిసే నలుగుతాయి. ఆ ప్రమాదం సంగతి కాసేపట్లో చెబుతాను.

రెండోది, గుక్క సంగతి. ఆరు సిలిండర్ల లారీ ఒకరి తరవాత ఒకరు పీల్చే ఆరుగురి లాంటిది. గాలి ఎడతెగకుండా పారుతుంది. పొగ కూడా ధారగా వస్తుంది, టర్బో చక్రం ఆగకుండా తిరుగుతుంది. మన బండికి వున్నది ఒక్కటే సిలిండరు. ఒక గుక్క పీల్చి, మిగతా మూడు వంతుల సమయం నోరు మూసుకుంటుంది. పొగ కూడా ఉఫ్, ఉఫ్ అని విడివిడిగా వదులుతుంది. పైగా పొగ వచ్చినప్పుడు గాలి కవాటం మూసి వుంటుంది, గాలి కావలసినప్పుడు పొగ వుండదు. పెట్టేవాడు పెట్టేవేళకి తినేవాడు ఇంట్లో లేనట్లు.

దీనికి ఉపాయం లేకపోలేదు. పంపుకీ ఇంజనుకీ మధ్య ఒక గాలిపెట్టె పెడితే, నొక్కిన గాలి అందులో నిలవ వుండి వేళకి అందుతుంది. అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో బుక్‌మన్, వింటర్ అనేవాళ్లు 2010ల దశకంలో ఇదే పద్ధతిమీద పరిశోధన చేశారు. వాళ్లు తీసుకున్నది ఏమిటో తెలుసా? పొలాల్లో నీళ్లు తోడే రకం ఒక్క సిలిండరు డీజిలు ఇంజను! మన కొల్లేరు చెరువుగట్ల మీద నీళ్లు తోడుతూ టకటకలాడే ఇంజన్లది ఆ జాతే. చిన్న రైతుకి తక్కువ ఖర్చులో ఎక్కువ బలం రావాలని వాళ్ల ఆలోచన. కాని చూడండి, ఆ గాలిపెట్టె ఇంజను సైజుకి కొన్ని రెట్లు వుండాలి. గట్టుమీద కదలకుండా కూర్చున్న ఇంజనుకి అది బరువు కాదు. మోకాళ్లమధ్య పెట్రోలు ట్యాంకూ దాని కింద ఇంజనూ ఇరుక్కున్న బండికి దాన్నెక్కడ పెట్టాలి?

వేడి లెక్క

అసలు చిక్కు ఇక్కడుంది. సైకిలుకి గాలి కొట్టే పంపు కింది కొస నాలుగు నిమిషాల్లో వేడెక్కడం మీరంతా చూసే వుంటారు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. అది ప్రకృతి ధర్మం, ఏ మెకానిక్కూ తప్పించలేడు.

చిన్న బండికని తక్కువగానే నొక్కామనుకుందాం. మామూలు గాలి ఒత్తిడి మీద మూడోవంతు కన్నా తక్కువ, వందకి ముప్ఫై వంతులు అదనంగా. కుక్కరులో పూర్తి ఒత్తిడి దీనికి మూడింతలుంటుంది, కాబట్టి ఇది పెద్ద ఒత్తిడేం కాదు. బయట 35 డిగ్రీలుంటే, ఓ మాదిరి పంపు లోంచి ఈ గాలి సుమారు 75 డిగ్రీలతో బయటికొస్తుంది. వేడిగాలి వ్యాకోచిస్తుంది, పలచబడుతుంది. అందుకని ముప్ఫై వంతులు ఎక్కువ నొక్కితే, నిజంగా లోపలికి ఎక్కువగా పోయే గాలి బరువు సుమారు పదిహేను వంతులే. సగం వేడి తినేసింది. మే నెల ఏలూరు ఎండలో ఇంకా తక్కువ. లారీల్లో ముందుభాగాన గాలిని చల్లబరిచే రేడియేటరు పెట్టేది అందుకే. అది కూడా బండిమీద మోయాలి.

ఇప్పుడు లాభం చూద్దాం. నూరు సీసీ బండి బలం సుమారు 8 హార్స్ పవర్. పదిహేను వంతులు పెరిగితే 9.2. ఇంజను బలంతోనే పంపు తిరిగితే దానికి పావు హార్స్ పవర్ పైన పోతుంది. మిగిలింది ఒక్క హార్స్ పవర్‌కి కాస్త అటూ ఇటూ. దానితో వేగం ఎంత పెరుగుతుంది? వేగంగా పోయేకొద్దీ ఎదురుగాలి తోపు విపరీతంగా పెరుగుతుంది. వేగం పదోవంతు పెంచాలంటే బలం మూడోవంతు పెంచాలి. అంటే 85 కిలోమీటర్లు పోయే బండి ఇప్పుడు 89, మహా అయితే 90 పోతుంది. ఈ నాలుగైదు కిలోమీటర్ల కోసమే ఇంతా చేసింది. కొట్లో కొనుక్కునే మామూలు 125 సీసీ బండి, గ్యారంటీతో సహా, ఏ తిప్పలూ లేకుండా పదిన్నర హార్స్ పవర్ ఇస్తుంది.

"ఇంకా ఎక్కువ నొక్కితే?" అంటాడు అబ్బాయి. నొక్కొచ్చు. అప్పుడే ఇంజను ప్రాణంమీదికొస్తుంది. ఈ ఇంజన్లు మామూలుగానే గాలీ పెట్రోలూ కలిసిన ఆవిరిని తొమ్మిది పదిరెట్లు నొక్కి, చివర్లో స్పార్కు ప్లగ్గుతో అంటిస్తాయి. ముందే నొక్కి, వేడెక్కించిన గాలిని దాన్లోకి పంపితే ప్లగ్గు అంటించిన మంట అంతటా పాకేలోపే మూలనున్న ఆవిరి తనంత తానే పేలుతుంది. సుత్తితో కొట్టినట్లు టకటకమని చప్పుడు. దాన్ని నాకింగు అంటారు. అలా కాసేపు జరిగితే పిస్టను తల కరిగి కన్నం పడుతుంది. అందుకే టర్బో పెట్టిన కంపెనీలు లోపల నొక్కే రెట్లు తగ్గిస్తాయి, పిస్టన్లు గట్టివి వేస్తాయి, నీళ్లతో చల్లారుస్తాయి. మన బండికున్నది గాలి తగిలి చల్లారే రేకలు, లీటరుకి మించని ఆయిలు.

పెట్రోలుదీ తంటాయే. పాత బండి కార్బురేటరులో పెట్రోలు పీల్పుడు వల్ల పైకి లేస్తుంది, మనం స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్లు. ఎదురుగా గాలి ఊదితే ఏమవుతుంది? నీళ్లు బొండాంలోకి వెనక్కి పోతాయి. పెట్రోలు గిన్నెలోకి కూడా అదే ఒత్తిడి అందించి, ట్యాంకునుంచి పంపుతో పెట్రోలు తోడాలి. అవి చెయ్యకుండా గాలి మాత్రం పెంచితే పెట్రోలు చాలక ఇంజను మరీ వేడెక్కుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లలో చాలావాటికి కంప్యూటరు డబ్బా, ఇంజక్షను వున్నాయి. ఆ డబ్బాకి మామూలు గాలి లెక్కే నేర్పి వుంటుంది. మనం దొడ్డిదారిన గాలి ఎక్కిస్తే దాని లెక్క తప్పుతుంది.

మన రొయ్యల చెరువుల వాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఏరియేటర్లు పెట్టి నీళ్లలో గాలి కలిపితే అదే చెరువులో ఎక్కువ రొయ్య పెంచొచ్చు. అయితే మేత పెరుగుతుంది, మురుగు పెరుగుతుంది, రాత్రిపూట కాపలా పెరుగుతుంది. తెల్లవారుఝామున కరెంటు పోయి ఏరియేటరు ఆగితే పలచగా వేసిన చెరువు తట్టుకుంటుంది, ఒత్తుగా వేసింది తట్టుకోలేదు. గాలి పెంచితే పంటా పెరుగుతుంది, గండమూ పెరుగుతుంది. ఇంజను కూడా అంతే.

బజారులో దొరికే ఫ్యాను టర్బో

కొన్ని చోట్ల అరచేతిలో పట్టే చిన్న ఫ్యాను ఒకటి "ఎలక్ట్రిక్ టర్బో" అని అమ్ముతారు. గాలి గొట్టంలో దూర్చి, బ్యాటరీకి తగిలిస్తే చాలంటారు. దీనికి మిక్సీ లెక్క సరిపోతుంది. పైన చెప్పిన ఒత్తిడికి, ఆ పన్నెండు బకెట్ల గాలిని నొక్కడానికి కనీసం 200 వాట్లు కావాలి. మన 500 వాట్ల మిక్సీ మోటారులో సుమారు సగం. ఆ బొమ్మ ఫ్యాను నాలుగైదు వాట్లది. అది తిరగడం నిజమే గాని నొక్కడం అబద్ధం. ఇంజను గట్టిగా పీల్చేటప్పుడు అది దారికి అడ్డం కూడా. పోనీ, నిజంగా 200 వాట్ల పంపే పెడితే? బండి బ్యాటరీ 12 వోల్టులు, 3 ఆంపియర్ అవర్. లెక్క ప్రకారం పది నిమిషాల్లో వట్టిపోతుంది.

బ్రేకు, రోడ్డు, చట్టం

ఇంజను బలం పెంచినవాడు బ్రేకు బలం పెంచాడా అన్నది మన మొదటి ప్రశ్న కావాలి. వేగం పెరిగితే ఆగే దూరం దాని వర్గంలో పెరుగుతుంది. బ్రేకు పట్టాక 60 వేగంలో 20 మీటర్లలో ఆగే బండి, 80 వేగంలో 35 మీటర్లు దాటితే గాని ఆగదు. చూసి బ్రేకు నొక్కేలోగా పోయే దూరం దీనికి అదనం. ఏలూరు నుంచి కైకలూరు వైపు కొల్లేరు మీదుగా పోయే దారి తలుచుకోండి. రెండు పక్కలా నీళ్లు, ఎదురుగా చేపల లారీ, శీతాకాలం పొద్దున్నే మంచు. ఆ దారిలో వెనకటి తాటిదోనె నడిపేవాళ్లకి తెలుసు, దోనె బరువుని బట్టే గెడ వెయ్యాలని. తాటిదోనెకి లాంచీ ఇంజను కడితే ముందు పగిలేది దోనే. నూరు సీసీ బండి ఫ్రేము, చెయిను, క్లచ్చి, డ్రమ్ము బ్రేకు, టైర్లు అన్నీ ఆ 8 హార్స్ పవర్‌కి తూచి చేసినవి.

చట్టం మాట కూడా తెలిసి వుండాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ నిర్ణయించి రిజిస్ట్రేషను కాగితంలో రాసిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే సంవత్సరం చట్టానికి తెచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేకుండా బండికి మార్పు చేయించిన యజమానికి ఒక్కొక్క మార్పుకి 5000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకూ జైలు గాని, రెండూ గాని పడొచ్చు. యజమాని అన్నమాట గమనించండి. కాగితం నాన్నగారి పేర వుంటే జవాబు చెప్పవలసింది ఆయనే. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు కంపెనీకి పేచీ పెట్టడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు.

అబ్బాయితో ఏం మాట్లాడాలి?

కాబట్టి ఈసారి అబ్బాయి అడిగితే కసురుకోకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే అడగండి. "ఎంత నొక్కుతుందిరా నాన్నా? ఆ గాలి చల్లబడేది ఎక్కడ? పెట్రోలు ఎక్కువ అందించేది ఏది? గాలిపెట్టె ఎక్కడ పెడతావు? బ్రేకు మార్చావా? ఆర్టీవో ఆఫీసులో ఎవరొప్పుకుంటారు?" ఈ ఆరింటికీ జవాబులు తెచ్చుకురమ్మనండి. తెలివైన పిల్లాడైతే మూడో ప్రశ్నకే వాడికి లెక్క అర్థమవుతుంది. అమ్మకి ఇంత తెలుసా అని ఆశ్చర్యపోయి, తరవాత విషయాలూ మీకే చెబుతాడు. అది ఏ టర్బో కన్నా పెద్ద లాభం.

ఒక మాట మాత్రం మరిచిపోవద్దు. వాడి కుతూహలం తప్పు కాదు. ఇంజను గుండె విప్పి చూడాలనుకునే పిల్లలు దేశానికి కావాలి. ఆ ముచ్చట తీరడానికి రోడ్డు కాని చోట్లున్నాయి. ఐటీఐల్లో మోటారు మెకానిక్కు కోర్సు వుంది. తాడేపల్లిగూడెంలోనే 2015లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మెకానికల్ ఇంజనీరింగు చెబుతారు. ఇంజనీరింగు విద్యార్థులు తమ చేతులతో చిన్న రేసు కారు కట్టి పోటీపడే ఫార్ములా స్టూడెంట్ పోటీలు ప్రపంచమంతటా వున్నాయి. అక్కడ ఇంజను పీల్చే గాలంతా 20 మిల్లీమీటర్ల కంతలోంచే పోవాలని నియమం. ఆ కాస్త కంతలోంచి ఎక్కువ బలం రాబట్టడానికి కొందరు పిల్లలు మోటారు సైకిలు ఇంజనుకి టర్బో పెట్టి నేర్చుకుంటారు. మూసిన మైదానం, హెల్మెటు, పక్కన పెద్దవాళ్లు, మంటలార్పే సిలిండరు. ఊదుగొట్టం పట్టాలంటే అలాంటి చోట పట్టాలి.

ఇక ఇంట్లో వున్న బండి సంగతి. బలం తగ్గిందని వాడు గొణుగుతుంటే ముందు ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేయించండి. మూసుకుపోయిన గ్యాసు బర్నరు కంత గుర్తుంది కదా! టైర్లలో గాలి చూడమనండి. వాల్వులు, చెయిను, స్పార్కు ప్లగ్గు వేళకి చూపించమనండి. పోయిన బలంలో చాలావరకు అక్కడే దొరుకుతుంది. టర్బోకి అనుకున్న డబ్బులో కొంత మంచి హెల్మెటుకి, కొంత కొత్త బ్రేకు షూలకి పెట్టండి. మిగిలింది పోస్టాఫీసులో వేస్తే, రేపు ఉద్యోగం వచ్చాక కొనుక్కునే పెద్ద బండికి మొదటి వాయిదా అవుతుంది.

మన ఇంటి గుమ్మం దాటి వెళ్లిన బండి చప్పుడు సాయంత్రం మళ్లీ వినపడేదాకా మన చెవులు వీధివైపే వుంటాయి. ఆ చప్పుడు కాస్త మెత్తగా వున్నా ఫరవాలేదు, వేళకి వినపడాలి.